కొత్తపేట దిక్కు

"గా పెద్దమ్మను ఈడికెళ్లి లేపాలె విజయశ్రీ. ఆమె అడుగు పెట్టినకాన్నుంచి మనం ఒక్కటన్న గెలిచినమా?"

ఒళ్లో డప్పు పెట్టుకొని గోపయ్య గొణిగాడు.

విజయశ్రీ వెనక్కి తిరిగి చూసింది.

పై మెట్టు మీద, నేత చీరలో, యాభై దాటిన మనిషి. అప్పుడే ఓడిపోయి తలలు వంచుకొని వెళ్తున్న కొత్తపేట అమ్మాయిల కోసం లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఎల్బీనగర్ మైదానంలో అమ్మాయిల కబడ్డీ పోటీలు మొదలైనప్పుడు కొత్తపేట నుంచి వ్యాన్ల నిండా జనం వచ్చారు. ఓటమి మీద ఓటమి పడేసరికి వ్యాను ఆటో అయింది. చివరికి ఆ ఆటో నడిపే గోపయ్య, విజయశ్రీ, ఇంకో నలుగురు మిగిలారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో విజయశ్రీకి మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆదివారం సాయంత్రమే గిరాకీ ఎక్కువ. అయినా షట్టర్ దించి వచ్చేది.

"ఇయాల ఎంతల ఓడిన్రు?" అని పక్క షాపువాళ్లు నవ్వేవారు.

"మీరు నవ్వుండ్రి. మా పిల్లలు ఆడుడు మాత్రం ఆపరు," అనేది తల ఎగరేసి.

శకునాలూ అవీ ఆమెకు పట్టవు. కానీ వారం వారం ఓడుతుంటే ఎంత గట్టి మనిషికైనా మనసు జారుతుంది.

మెట్లెక్కి పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది.

"పెద్దమ్మా, ఏమనుకోకుండ్రి. వచ్చే వారం జర అటు దిక్కు కూసుంటరా? మావోళ్లకు పట్టింపు..."

ఆమె చప్పట్లు ఆపింది.

"నేను కూసున్న దిక్కు ఓడుతుందనా బిడ్డా?"

విజయశ్రీ చూపు దించుకుంది.

"అట్లనే. పిల్లలు గెలిస్తే గంతే సాలు."

కోపం లేదు. చీర చెంగు దులుపుకొని దిగిపోయింది.

రెండో మ్యాచ్ మొదలుకాకముందే, ఎప్పటిలాగే, కొత్తపేట వాళ్లందరూ ఆటో ఎక్కేశారు.

తరువాతి ఆదివారం లీగ్‌లో కొత్తపేటకు ఆఖరి మ్యాచ్.

ఎదుట బడంగ్‌పేట్. ఆ ఏడు ఒక్కసారి కూడా ఓడని జట్టు. మైదానానికి అవతల వాళ్ల జనం కిక్కిరిసి ఉన్నారు. ఆ గుంపు చివర ఒదిగి కూర్చుంది పెద్దమ్మ.

"ఇగ చూడు," అని గోపయ్య డప్పు సవరించుకున్నాడు.

ఏమైందో ఏమో, ఆ రోజు కొత్తపేట అమ్మాయిలు పులుల్లా ఆడారు. పడ్డారు, లేచారు, మళ్లీ పట్టారు. బడంగ్‌పేట్ వైపు ఈలలు తగ్గిపోయాయి.

ఆఖరి కూత మిగిలింది. కొత్తపేట ఒక్క పాయింటు వెనక.

అలేఖ్య కూతకు వెళ్లింది.

మెరుపులా లోపలికి దూరి తిరిగేలోగా, బడంగ్‌పేట్ కెప్టెన్ స్వప్న ఆమె చీలమండ పట్టేసింది. ఇంకో అమ్మాయి వచ్చి నడుం మీద పడింది. అలేఖ్య బోర్లా కూలింది.

గోపయ్య డప్పు ఆగిపోయింది. విజయశ్రీ కళ్లు మూసుకుంది.

"గుంజుకో బిడ్డా! కూత ఆపకు! గీత ముంగటనే ఉంది!"

ఆ అరుపు అవతలి వైపు నుంచి వచ్చింది. బడంగ్‌పేట్ జనమంతా తిరిగి చూశారు.

మట్టిలో మొహం ఆనించి ఉన్న అలేఖ్య నోట "కబడ్డీ కబడ్డీ" ఆగలేదు. మోచేతుల మీద ఇద్దరినీ ఈడ్చుకుంటూ పాకింది. వేలి కొస నడిగీతను తాకింది.

పట్టుకున్న ఇద్దరూ అవుట్. రెండు పాయింట్లు.

కొత్తపేట గెలిచింది!

ఉన్న ఆరుగురూ అరవై మందిలా అరిచారు. విజయశ్రీ చెప్పులు వదిలేసి మైదానంలోకి పరుగెత్తి, దుమ్ము కొట్టుకుపోయిన పిల్లలను ఒక్కొక్కరినీ గుండెకు హత్తుకుంది.

"చూసినవా? ఆమె అటు పోయింది, మనం గెలిచినం," అన్నాడు గోపయ్య.

"ఏం మాట మామా అది?" అలేఖ్య కస్సుమంది. "పడ్డప్పుడల్లా నన్ను లేపింది గా పెద్దమ్మ గొంతే. పోయిన నెలనే ఆట ఇడిసిపెడదామనుకున్న. ఆమె కోసమే ఒస్తున్న. ఏదీ, ఏడున్నది?"

విజయశ్రీ అవతలి మెట్ల వైపు పరుగెత్తింది. పెద్దమ్మ లేదు.

స్వప్న ఒక్కతే కింద కూర్చొని మోకాలి పట్టీ విప్పుకుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెల్లే, ఈడ నేత చీర కట్టుకున్న పెద్దమ్మ కూసుండె. చూసినవా?"

"బస్సుకు పోయిందక్కా. ఆటలు అయిపోయినయి గద. ఊర్ల రేపు నాట్లున్నయంట."

"నీకెట్ల ఎరుక?"

"మీ ఆట అయినంక మా ఆట ఉంటుండె. మీరు ఒక్కనాడన్న ఆగి చూస్తే మీకు గుడ ఎరుకైతుండె." స్వప్న చిన్నగా నవ్వింది. "మాకు అరవనీకి మస్తు మంది ఉన్నరని, జల్ది ఒచ్చి మీ దిక్కు కూసుంటుండె. ఇయాల ఎందుకో ఇటు ఒచ్చింది. అడిగితే, ఆడ ఎండ గొడుతుందన్నది."

విజయశ్రీ ఆమె పక్కన కింద కూర్చుంది.

"నీ పట్టుల నుంచి ఇడిపిచ్చుకొమ్మని అరిచింది గద తల్లీ. నీకు కోపం రాలేదా?"

స్వప్న కళ్లు తుడుచుకుంది. ఓడిన జట్టు కెప్టెన్, తల నిటారుగా ఎత్తి అంది:

"కోపమెందుకక్కా? మా అమ్మ ఎప్పుడు అంతే."