కొండెక్కిన వేడి

ఈ మన్యంలో కుండ నీళ్లు గడ్డకట్టే చలి మొదలయ్యాక, ఊరంతా కలిసి ఒకే పొయ్యి కట్టుకున్నాం. అందరి కట్టెలూ దానికే. వేడినీళ్లు గొట్టాల్లో ఇంటింటికీ వస్తాయి. ఇళ్లలో వేరే పొయ్యిలు లేవు. గొట్టం చల్లబడితే గోడలోని మాట్లాడే పెట్టెతో చెప్పాలి; వేడి పంపేదీ ఆపేదీ అదే.

మా ఇల్లు ఊరికి దూరం. ఒక తెల్లవారుజామున గొట్టం చల్లబడింది. మనవరాలు కాసులమ్మ తొమ్మిది రోజుల పసిగుడ్డును చీరకొంగులో చుట్టుకుని పెట్టెతో చెప్పింది.

"మాయింట్లో కొండెక్కేసింది."

"మీ ఇంటివాళ్లు కొండెక్కారని రాసుకున్నాను. ఖాళీ ఇంటికి వేడి ఆపేశాను," అంది పెట్టె.

"ఓలమ్మో! మేమీడే ఉన్నాం. కొండెక్కిందంటే కొండెక్కిందనే!"

"సరే, క్షేమంగా వెళ్లి రండి."

నాకు నవ్వు రాబోయింది. అప్పుడే పసిగుడ్డు ఏడుపు ఆపేసింది. పెదాలు నీలం తిరిగాయి.

"తాతా, ఆ మాట నువ్వు సెప్పు. బాలెంత నోట రాకూడదు," అంది కాసులమ్మ వణుకుతూ.

వేడి పోయినా, దీపం పోయినా మేం కొండెక్కిందనే అంటాం. పెట్టెకు తెలిసిన ఆ రెండో మాట మేం ప్రాణానికే వాడతాం. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అనకూడదు. నేను పెట్టె దగ్గరికి వెళ్లాను.  బిడ్డకు వినపడకుండా దానికి నోరు ఆనించి అన్నాను.

"ఆరిపోయింది."

"వేడి పంపుతున్నాను. ఇంట్లో ఎంతమంది ఉన్నారు?"

వెనక పసిగుడ్డు ఏడుపు మళ్లీ వినపడలేదు. ముగ్గురమని చెప్పాలంటే వెనక్కి తిరిగి బిడ్డను చూడాలి. నా మెడ తిరగడం లేదు.