కుదురుకోని బెంచీ

"మళ్ళీ షేక్ అవుతోంది మామయ్యా," అన్నాడు దేవ్, బెంచీ మీద అరచెయ్యి ఆనించి.

"అయ్యో! నిన్న ఇద్దరం కలిసే బిగించినం గద బాబూ," కొండల్‌రావు కళ్ళు పెద్దవి చేశాడు. "ఏం బెంచీ ఇది? మనల్ని సతాయించనీకే పుట్టినట్టున్నది."

దేవ్ గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోన్ లైటు వేసి బెంచీ అడుగున చూశాడు. ఈ ఊగుడుకి మందు వెతకడంలో మామా అల్లుళ్ళు చాలా దూరమే వచ్చారు. మొదట ఒక కాలు పొట్టిదనుకున్నారు. కొలిస్తే నాలుగూ సమానమే. మూల నుంచి మూలకి టేపు పట్టి చూస్తే చట్రం ఒక పక్కకి వాలి ఉంది. బోల్టులన్నీ వదులు చేసి, చట్రం సరిచేసి, మళ్ళీ బిగించారు. అయినా ఊగింది. నీళ్ళు బయటికి పోవడానికి గరాజ్ నేలను తలుపు వైపు వాలుగా పోశారని ఆ తర్వాత తెలిసింది. ఆ వైపు కాళ్ళ కింద ఉన్న రబ్బరు మడమల్ని తిప్పి ఎత్తు పెంచాక బెంచీ కదలకుండా నిలబడింది.

అది చూసి కొండల్‌రావు గుండెల్లో రాయి పడింది.

మర్నాడు పొద్దున్నే, ఇంట్లో ఎవరూ లేవకముందే, ఆయన పిల్లిలా గరాజ్‌లోకి వెళ్ళి ఒక బోల్టు వదులు చేసి వచ్చాడు. అప్పటి నుంచి అదే ఆయన నిత్యకృత్యం. హనుమకొండ హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్ళూ, అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి, ఇప్పుడు బెంచీ కోసమే రోజూ అబద్ధమాడుతున్నాడు.

ఏం చేస్తాడు మరి? కూతురూ అల్లుడూ ఉంటున్న ఈ పరాయి దేశపు ఊరు బాతెల్‌లో దేవ్ పనిచేసే ల్యాబ్ సగం మందిని ఇంటికి పంపేసింది. ఆ సగంలో దేవ్ ఉన్నాడు. ఆ రోజు మొదలు పైగదిలోంచి బయటికి రాలేదు. గడ్డం పెరిగింది. పిలిస్తే నాలుగు మెతుకులు కతికేవాడు, లేకపోతే అదీ లేదు.

"నాన్నా, నేను ఆఫీస్‌కి పోయినంక జర దేవ్‌ని చూస్కో. నాకు భయమైతున్నది," అంది కూతురు హంసిక, కారెక్కబోతూ.

కొండల్‌రావు అప్పటికి తన తిరుగు టికెట్ ముందుకి జరపమని ఆమెను పోరుతున్నాడు. మాట్లాడే దిక్కు లేక, కిటికీ పక్క సోఫాలో కూర్చుని వర్షం చూసీ చూసీ ఆయనకి ప్రాణం విసిగిపోయింది. అన్నం కూడా సయించడం లేదు. కూతురి ముఖం చూశాక టికెట్ మాట మింగేశాడు. ఎప్పుడో కొని గరాజ్‌లో మూల పడేసిన, విడి భాగాలతో ఉన్న బెంచీ పెట్టె కనిపిస్తే దాన్ని విప్పి, అల్లుణ్ణి కిందికి పిలిచాడు. పానా ఎటు తిప్పాలో తెలియని మామగారికి అల్లుడు సాయం పట్టక తప్పలేదు.

"దొరికింది! లెఫ్ట్ లెగ్ బోల్ట్," అన్నాడు దేవ్ బెంచీ కింద నుంచి. కొండల్‌రావు ఏమీ ఎరగనట్టు తలూపాడు. "వెనక ఇంకోటి కూడా లూజ్‌గా ఉంది మామయ్యా."

వెనక బోల్టును ఆయన ముట్టుకోలేదు. తొందరలో చెయ్యి పడిందేమోనని సరిపెట్టుకున్నాడు.

"లాక్‌నట్స్ ఆర్డర్ చేద్దామా? అవి వేస్తే ఇంక లూజ్ అవ్వవు."

కొండల్‌రావుకి ముచ్చెమటలు పోశాయి. "ఎందుకు బాబూ! ఉన్నవాటితోనే చూద్దాం. మనకేం తొందర?"

"ఓకే మామయ్యా," అన్నాడు దేవ్ వెంటనే. "ఆ ఫ్రాగ్స్ కథ నిన్న మధ్యలో ఆపేశారు. మీ స్కూల్ ఇన్‌స్పెక్టర్ గారి బ్యాగ్‌లోకి ఎలా వెళ్ళాయి?"

కొండల్‌రావు కథ అందుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ బల్ల ఎక్కిన చోటుకి వచ్చేసరికి దేవ్ చేతిలోని పానా జారిపోయేంతగా నవ్వాడు. మధ్యాహ్నం ఇద్దరూ పప్పు మారు వడ్డించుకుని మరీ తిన్నారు. అన్నం తిని లేచిన దేవ్ ఆ పూట గడ్డం గీసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి రెండు కంపెనీలకి అప్లై చేశాడు. కొండల్‌రావుకి ఎంత సంతోషం వేసిందంటే, సాయంత్రం హంసికకి టీ కూడా తనే పెట్టాడు.

"నాన్నా, టికెట్ ముచ్చట ఎత్తుతలేవేంది?" అంది హంసిక టీ తాగుతూ.

"తీరికేడున్నది బిడ్డా!" అన్నాడు కొండల్‌రావు.

అలా కొన్ని వారాలు గడిచాయి. బెంచీ ఊగుతూనే ఉంది, వాళ్ళు బిగిస్తూనే ఉన్నారు. చివరికి ఊళ్ళోనే ఇంకో ల్యాబ్ వాళ్ళు దేవ్‌కి ఉద్యోగం ఇచ్చారు. సోమవారం చేరాలి. ఆ రాత్రి హంసిక సేమ్యా పాయసం చేసింది. కొండల్‌రావు తృప్తిగా తిని, గిన్నె పక్కన పెట్టి అన్నాడు:

"ఇగ నాతోని పనేమున్నది బిడ్డా? ఆ టికెట్ ముందుకు జరుపు."

"మళ్ళీ మొదలుపెట్టినవా నాన్నా?" అంది హంసిక. దేవ్ చెంచా ఆపి మామగారి వైపు చూశాడు.

మర్నాడు కొండల్‌రావు బాగా పొద్దెక్కి లేచి, కాఫీ కప్పుతో కిటికీ పక్క సోఫాలో కూర్చున్నాడు. బయట వర్షం పడుతోంది. గరాజ్ తలుపు తోసుకుని దేవ్ లోపలికి వచ్చాడు. చేతిలో పానా ఉంది.

"మామయ్యా, బెంచీ మళ్ళీ షేక్ అవుతోంది. మీరు రావాలి."

ఆ రోజు కొండల్‌రావు గరాజ్‌లోకి అప్పటిదాకా అడుగే పెట్టలేదు.