దుబాయ్ నంబరు

కోళిక్కోడ్ నుంచి దుబాయ్‌కి రెండువేల ఏడువందల కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. పదహారేళ్ళుగా సుహరాకి ఆ లెక్క కంఠతా వచ్చు. అక్కడ దిగగానే భర్త షంసు తన దుబాయ్ నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. సెలవుకి ఇంటికొస్తే మాత్రం గుమ్మం ముందు నిలబడి రెండు ఇస్తాడు, తలుపు తియ్యమని.

ఈ రాత్రి, సెలవు అయిపోయి అతను తిరిగి వెళ్తున్న విమానం పదింటికి లేచింది. పది నలభైకి ఫోను ఒకసారి మోగి ఆగింది. దుబాయ్ నంబరే.

"అప్పుడే దిగాడా? వాడెక్కింది విమానమా, జిన్ను వీపా?" అంది అత్తగారు పాత్తుమ్మ, తస్బీ పూసలు తిప్పుతూ.

నవ్వబోయిన సుహరా ఆగిపోయింది. షంసు తాగి వదిలిన సులైమానీ టీ గ్లాసు పక్కన చిన్న సిమ్ కార్డు ఉంది. సెలవుల్లో తీసిపెట్టిన దుబాయ్ సిమ్. మరిచిపోయి వెళ్ళాడు.

"ఉమ్మా, ఇది ఇక్కడే ఉంది..."

పూసల చప్పుడు ఆగింది. వీధిలో కుక్కలు కూడా నోరు మూశాయి.

ఫోను మళ్ళీ ఒకసారి మోగి ఆగింది.

"రెండోది కూడా ఇచ్చాడు మోళే. నా బిడ్డ బయట నిలబడ్డాడు," అంటూ పాత్తుమ్మ లేచింది.

"వద్దుమ్మా! విమానం దిగడానికి ఇంకా మూడు గంటల పైనే ఉంది!"

పాత్తుమ్మ అప్పటికే గడియ మీద చెయ్యి వేసింది.