డ్రయర్ మూత

వాకిట్లోని వాషింగ్ మెషీన్‌లో డ్రయర్ ఆగిపోయింది. అదీ ముసురు పట్టిన మూడో రోజున.

నాగమణమ్మ నడుం పట్టుకుని గడప మీద కూలబడింది.

పక్షవాతంతో మంచం పట్టిన భర్త రామలింగయ్యకు రోజూ నాలుగు దుప్పట్లు మార్చాలి. హైదరాబాద్ కార్వాన్‌లో ఆ ఇరుకు గల్లీకి ఎండే సరిగా రాదు, ఇక ముసుర్లో దుప్పటి ఆరేదెప్పుడు? ఆయన వీపు మీద అప్పుడే పుండు మొదలైంది. తడి తగలనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "నాలుగు దినాలైతదమ్మా" అన్నాడు.

నాలుగు రోజులా! ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఫోన్లో వీడియో పెట్టుకుని చూసింది. మూత కింద ఉండే చిన్న స్విచ్చు పాడైతే డ్రయర్ తిరగదట. వెనక రేకు విప్పి, ఆ స్విచ్చుకు పోయే రెండు వైర్లు కలిపి టేపు చుట్టింది. డ్రమ్ము గిర్రున తిరిగింది. ఇప్పుడు మూత తెరిచినా ఆగడం లేదు. తిరిగితే చాలు, ఎట్లా తిరిగితే ఏం?

ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల బండి తోసుకుంటూ ఒక ముసలాయన వాకిట్లో ఆగాడు.

"అక్కా, మూత తెరిచి తిప్పుతున్నవా?"

"నీకెందుకన్నా? పాత సామానేం లేదు, పో."

"సామాను కోసం కాదు. సప్పుడు విని ఆగిన. వైర్లు కలిపినవు గదా?"

నాలుగేళ్ళ మనవరాలు స్వీటీ అప్పుడే స్టూలెక్కి డ్రయర్లోకి తొంగి చూస్తోంది. కూతురు బట్టల షాపులో పనికి పోతూ పిల్లను నాగమణమ్మకే అప్పజెప్పి పోతుంది.

"పిల్లున్న ఇల్లక్కా. గట్ల పెట్టకు. నా తాన స్విచ్చుంది, ఏస్త. పైసలొద్దు."

పైసలొద్దంటే నమ్మేదెవరు? ఏదో వంక పెట్టి మెషీన్ని తూకానికి కొట్టేసే నాటకం కాకపోతే!

"నీ పని నువ్వు చూస్కో భాయ్. నా పానం తినకు."

లోపల రామలింగయ్య మూలిగాడు. మళ్ళీ పక్క తడిపాడు. స్వీటీని చంకనేసుకుని నాగమణమ్మ లోపలికి పరుగెత్తింది. ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి, దుప్పటి మార్చేసరికి పావుగంట పట్టింది.

బయటికొచ్చి చూస్తే ఏముంది! డ్రయర్ ఆగి ఉంది. వెనక రేకు నేల మీద ఉంది. ముసలాయన చేతిలో స్క్రూ డ్రైవరు.

"అయ్యో, మోటరు పీకుతున్నడే! విశాల్! ఓ విశాల్!"

పక్కింటి విశాల్ పరుగెత్తుకొచ్చి ముసలాయన కాలర్ పట్టాడు. గల్లీ అంతా లొల్లి లొల్లి.

"మోటరు కాదు బిడ్డా, స్విచ్చు..."

"చుప్!"

విశాల్ ఫోటో కొట్టి బస్తీ గ్రూపులో పెట్టాడు. 'మోటర్ల దొంగ. గల్లీలకు రానియ్యకండి.'

ముసలాయన బండి తిప్పుకున్నాడు. "మూత ఏసి సూడక్కా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

విశాల్ లోపలికి చూడకుండానే రేకు బిగించాడు. మూత వేస్తే డ్రయర్ తిరిగింది.

"టైముకు పట్టినం గాబట్టి మోటరు మిగిలింది, పెద్దమ్మా!"

నిజమే అనుకుంది నాగమణమ్మ. అంతకంటే ఆలోచించే ఓపిక ఆమెకు ఎక్కడిది?

రెండు రోజుల తర్వాత, భర్తకు గంజి తాగిస్తుంటే బయట డ్రయర్ చప్పుడు ఠక్కున ఆగింది. మళ్ళీ చెడిందా, ఖర్మ, అనుకుంటూ వచ్చింది.

స్టూలు మీద స్వీటీ. ఒక చేత్తో మూత ఎత్తి పట్టుకుంది. రెండో చెయ్యి భుజం దాకా డ్రమ్ములో ఉంది.

"నా బొమ్మకు కండ్లు తిరుగుతున్నయ్ అమ్మమ్మా, తీస్తున్న!"

నాగమణమ్మ ఒక్క ఉదుటున దగ్గరికి ఉరికింది. పిల్లను లాక్కుని ఆ అయిదు వేళ్ళూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. తర్వాత విశాల్‌ను పిలిచి రేకు విప్పించింది. తను చుట్టిన టేపు లేదు. మూత కింద ఒక పాత స్విచ్చు బిగించి ఉంది.

"గా ఫోటో తీసెయ్యి బిడ్డా."

విశాల్ తల దించుకున్నాడు. "మన గ్రూపుల తీసేస్త పెద్దమ్మా. గని అది మలక్‌పేట దాంక పోయింది."

ధూల్‌పేట్‌లో ఆయనకు పాత సామాన్లు కొనే కబాడీ దుకాణం ఉందని గ్రూపులోనే ఎవరో రాశారు. భర్త దగ్గర విశాల్‌ను కూర్చోబెట్టి, స్వీటీని తీసుకుని వానలోనే బయల్దేరింది నాగమణమ్మ. కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలి.

దుకాణంలో బల్ల వెనక ఒక యువతి కూర్చుని ఉంది.

"మీ బాపు లేడా బిడ్డా?"

"లోపల పండుకున్నడు పెద్దమ్మా. దొంగని ఫోటో పెట్టిన్రట. ఏ గల్లీల అడుగు పెట్టనిస్తలేరు."

అది పెట్టించింది నేనే అని చెప్పబోయింది. అంతలో చూపు పక్కకు పోయింది. బల్ల మీద డబ్బా నిండా డ్రయర్ స్విచ్చులున్నాయి.

"గివన్ని ఎవరికి?"

"వైర్లు కలిపిన ఇల్లు కనవడితే బాపు ఉత్తగనే ఏసొస్తడు. ఇంక పదకొండు ఇండ్లు చూసి పెట్టుకున్నడు. గిప్పుడెవరు రానిస్తరు?"

"మీ బాపుకు మెకానిక్ పని గింత మంచిగొస్తది గద, మరి గీ కబాడీ ఏంది బిడ్డా?"

"నాకు నాలుగేండ్లప్పుడు మా ఇంట్ల డ్రయర్‌కు బాపే వైర్లు కలిపిండు, గప్పటి సంది మెకానిక్ పని ఇడిసిపెట్టిండు," అంటూ ఆ అమ్మాయి స్వీటీకి బిస్కెట్ ఇవ్వడానికి ఎడమ చెయ్యి చాపింది. ఆమె కుర్తా కుడి చెయ్యి ఖాళీగా, మోచేతి దగ్గర ముడి వేసి ఉంది.