లోపలివాళ్ళు తీసిన తలుపు

ఫెస్ నగరపు పాతబస్తీలోని ఇంట్లో ఆ రాత్రి సుఫ్యాన్ ఒక్కడే ఉన్నాడు. కంప్యూటర్ ఆటలో అతనికి దక్కింది ఒకే ఒక్క కొండకోట, చుట్టూ ముగ్గురు సుల్తానులు. అలాంటి చోట మొదలుపెట్టినవాడు తొలి చలికాలం దాటడమే గొప్ప. ఈసారి దాటాడు. అగాదిర్‌లో ఉండే చిన్ననాటి స్నేహితుడు హైసమ్ తనూ అదే ఆట ఆడుతూ హెడ్‌ఫోన్‌లో దారి చూపాడు.

"ముందు పెద్ద సుల్తానుకి కప్పం కట్టరా. పౌరుషం తర్వాత చూపిద్దువుగాని."

కోట నిలబడింది. ఆ సంతోషంలో సుఫ్యాన్, తండ్రి పోయాక ఎవరికీ చెప్పుకోని దుఃఖమంతా వాడికి చెప్పుకున్నాడు. వాడు ఓపిగ్గా విన్నాడు. కాపలాకి తన సైన్యాన్ని కోటలోకి పంపుతానన్నాడు. సుఫ్యాన్ సరేనన్నాడు.

ఆ సైన్యమే తలుపులు బార్లా తీసింది. శత్రువులు లోపలికి వచ్చేశారు.

"ఎంత పని చేశావురా! నిన్ను నమ్మాను కదరా!"

హెడ్‌ఫోన్‌లో ఊపిరి తప్ప మరేమీ వినిపించలేదు. అప్పుడే ఫోన్ మోగింది. హైసమ్.

"ఏమనుకోకురా, మా వీధిలో సాయంత్రం నుంచి కరెంటు లేదు. ఇవాళ ఆటకి రాలేను."

సుఫ్యాన్ ఫోన్ కిందికి దించాడు. హెడ్‌ఫోన్‌లో అదే గొంతు, అదే చనువుతో మెల్లగా పలికింది.

"మీ నాన్న సంగతి వాడికి చెప్పకు. మన మధ్యే ఉండనీ."