తరుగు

గోపాలకృష్ణ చేతి గడియారం తీశాడు. ఉంగరాలు తీశాడు. చొక్కా విప్పి మంచం మీద పడేశాడు. చివరికి కళ్ళద్దాలు కూడా తీసి భార్య చేతిలో పెట్టాడు.

"ఈ అద్దాలు ఎంత బరువుంటాయండీ?" అంది సుమలత.

"ఎంతున్నా బరువే. బస్తా తూకమేస్తే గోనె తరుగు తీస్తమా, లేదా?"

మిర్యాలగూడలో రైసు మిల్లు నడిపే మనిషి. వడ్లు తూచీ తూచీ ప్రతిదానికీ తరుగు తీయడం అలవాటైపోయింది. అద్దాలు తీస్తే ఎదురుగోడ మీది క్యాలెండరు కూడా అతనికి మసకే. అయినా వాటితో మాత్రం మెషిన్ ఎక్కడు.

ఎక్కి, ఊపిరి బిగబట్టాడు. అది కూడా తరుగు లెక్కే అనుకున్నాడేమో.

సుమలత వంగి చూసింది. "ఎనభై రెండున్నర."

"నిన్న ఎనభై రెండే ఉండె గదా."

"అవునండీ."

"రాత్రి రెండు పుల్కాలు తిన్న. రెండే. గా రెండు పుల్కాలు అర్ధ కిలో ఉంటయా?"

"పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైంది. ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుందని భావన చెప్పింది కదా. బరువు రోజూ ఒకేలా ఉండదట, పెరుగుతూ తగ్గుతూ ఉంటుందట. ఓపిక పట్టాలండీ."

సుమలతది ఆంధ్ర పక్కనే ఉన్న కోదాడ. ఇరవై ఆరేళ్ళ కాపురం తర్వాత కూడా ఆమె నోట ఆ 'అండీ' పోలేదు. భావన వాళ్ళ కూతురు. ఈ మెషిన్ కొని పంపిందీ, ఫోన్లో ఈ ఓపిక పాఠం చెప్పిందీ ఆమే.

"ఓపికంట, ఓపిక," అని గొణుక్కుంటూ గోపాలకృష్ణ చొక్కా వేసుకున్నాడు.

మొదట్లో అంతా బాగానే సాగింది. సూర్యాపేట డాక్టరమ్మ షుగరు రిపోర్టు చూసి, తొంభై నాలుగు కిలోల మనిషి ఎనభైకి దిగాల్సిందేనంది. పొద్దున్నే గంటసేపు నడవమంది. దారిలో షుగరు పడిపోతే కష్టం, భార్యను తోడు తీసుకెళ్ళమంది. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళమంది. బరువు చకచకా దిగింది. తీరా ఎనభై రెండు దగ్గరికొచ్చాక మొండికేసింది. ఒకరోజు రెండు వందల గ్రాములు తగ్గితే అతను పండగ చేసుకుంటాడు. మర్నాడు మూడు వందలు పెరిగితే ఆ పూట ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు.

అన్నం మానేశాడు. మిల్లులో టీ మానేశాడు. మెషిన్ మీదే అనుమానమొచ్చి ఇరవై కిలోల ఇనప తూకం రాయి ఇంటికి మోయించుకొచ్చాడు. అద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. ఇరవై అంటే ఇరవై. గ్రాము తేడా లేదు.

"మెషిన్ల తప్పు లేదు," అన్నాడు నీరసంగా. "తప్పంత నా ఒంట్లనే ఉన్నది."

పోనీ మిల్లులో కాంటా ఎక్కి చూద్దామా అంటే, హమాలీల ముందు పరువేం కావాలని ఎక్కలేదు. ప్యాంటు మళ్ళీ వదులైతే, బట్ట సాగిందన్నాడు. పక్క మిల్లు సుధాకర్ "బాగ సన్నవడ్డవ్ బావా" అంటే, ఎగతాళి అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. కాంటా చెప్పింది తప్ప మనిషి చెప్పింది నమ్మే అలవాటు అతనికి లేదు.

ఆ పొద్దున నడకకెళ్ళినప్పుడు మైదానంలో కూడా అదే పాట.

"ఎనభై రానీ. గా రోజే నడక ఖతం. వడ్ల సీజన్ ఒస్తున్నది. ఆరింటికల్ల మిల్లుల ఉండాలె నేను."

"అలాగేనండీ," అంది సుమలత.

కాసేపు చికాగ్గా నడిచాడు. చేతిలో ఫోను లేదు, చేయడానికి ఇంకో పనీ లేదు. "నిన్న ఏదో చెప్తున్నవ్, ఆపినవ్," అన్నాడు.

"డిగ్రీ రెండో ఏడాది పరీక్షల ముందే మన పెళ్ళి అయిందని చెప్తున్నాను. ఫీజు కూడా కట్టేశాను."

గోపాలకృష్ణ ఆగాడు. "నువ్ డిగ్రీ సదివినవా? నాకెప్పుడు చెప్పలే?"

"మీరెప్పుడు అడిగారు?"

కాలేజీ ఎక్కడ, ఏం చదివావు, స్నేహితులెవరు అని ఒక్కొక్కటే అడుగుతూ ఆ పూట ఇంకో రౌండు ఎక్కువే నడిచాడు. గేటు దగ్గరికి రాగానే మళ్ళీ బరువు గుర్తొచ్చింది.

"సూడు సుమా. రేపు గిన తగ్గకపోతే మెషిన్ చెత్తబండిల ఏస్త. నడక బంద్, పుల్కాలు బంద్. నా మొఖానికి ఎనభై రాసిపెట్టి లేదు."

ఇంత పెద్ద మనిషి అర్ధ కిలో కోసం అలా అయిపోతుంటే సుమలతకు నిజంగానే జాలేసింది. రాత్రి పప్పులో ఉప్పు చూసి వేసింది.

మర్నాడు పొద్దున గడియారం, ఉంగరాలు, చొక్కా, అద్దాలు అన్నీ తీసి మెషిన్ ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు.

"చెప్పు."

సుమలత వంగింది. అంకె చూసి, అతని మూసిన కళ్ళ వైపు చూసింది.

"ఏమాయె? మళ్ళ పెరిగిన్నా?"

మెషిన్ మీద డెబ్బై ఏడు అని స్పష్టంగా వెలుగుతుంటే, "లేదండీ, తగ్గారు, ఎనభై ఒకటీ ముప్పావు," అని చెప్పి సుమలత ఇద్దరి నడక బూట్లూ గుమ్మం ముందు పెట్టింది.