చివరి కుర్చీ

ఎల్లన్న ఆ చివరి కుర్చీ మీద తువ్వాల వేసి పక్కనే నిలబడ్డాడు. బస్సులో అయితే ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"ఏంది పిలగా, సీటు ఆపినట్టు ఆపుతున్నవు? తియ్యి," అంది సారవ్వ, మనవడి చెయ్యి పట్టుకుని. "మా కొడుకు సచ్చిపోయి నెల నిండలె. వీనికి బాపు లేడు."

"ముందుగాల మేమొచ్చినం అవ్వా."

జ్యోతినగర్ ఇంజనీరుగారి భార్య మైత్రి కుర్చీలను మళ్ళీ లెక్కపెట్టింది. బొగ్గుబావుల్లో తండ్రులు చనిపోయిన పిల్లల కోసం గోదావరిఖనిలో ఆమె పెట్టిన ఓదార్పు కేంద్రానికి ఇంకా రిబ్బను కూడా కత్తిరించలేదు. సాయంత్రం పూట బొమ్మలు, పాటలు, ఉప్మా, నాలుగు మంచి మాటలు. పిల్లలు రారేమోనని రాత్రంతా బెంగపడింది. ఇప్పుడేమో కుర్చీలు చాలడం లేదు. ఉన్న కుర్చీలకు మించి ఒక్కరిని కూడా చేర్చుకోవద్దని దాతగారి షరతు.

"మీది ఏ బాయి?" సారవ్వ ఆరా తీసింది.

"అవుతలి బాయి. నాలుగొద్దుల సంది పైకప్పు పటపటమంటున్నదని మొత్తుకున్నం. దిగితే దిగుండ్రి, లేకుంటే నాగ పెడ్త, జీతం కోస్త అన్నడు సాబు."

"మావోనికీ గట్లనే అన్నరు." సారవ్వ నిట్టూర్చింది. "అయినా సరే, తువ్వాల తియ్యి."

సైకాలజీ చదివిన మైత్రి పిల్లలిద్దరినీ పరీక్షగా చూసింది. సారవ్వ మనవడు గుమ్మానికి కట్టిన బెలూన్‌ను గుద్దుతూ నవ్వుతున్నాడు. ఎల్లన్నతో వచ్చిన సహస్ర మాత్రం అతని చొక్కా అంచు పట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"అవ్వా, మీవాడు కాస్త తేరుకున్నాడు. ఈ పాపది పచ్చి దుఃఖం. ఈసారికి పాపను తీసుకుంటాం."

"నవ్వుతే బాపు ఉన్నట్టేనా మేడం?"

"మీవాణ్ణి వచ్చే ఏడాది తప్పకుండా చూద్దాం."

"గట్లనే. అప్పటిదాంక ఏడ్సుడు నేర్పి తోలుకొస్త తియ్యి." సారవ్వ మనవణ్ణి బెలూన్ దగ్గర నుంచి లాక్కుని మెట్లు దిగింది.

ఎల్లన్న తువ్వాల తీసి, దానితోనే సహస్ర మొహం తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టాడు. మైత్రి పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తన కేంద్రంలో మొదటి ఓదార్పు. గొంతు వీలైనంత మెత్తగా చేసుకుంది.

"ఏడవనీయండి, మంచిదే. వాళ్ళ నాన్న చనిపోయి ఎన్నాళ్ళయింది?"

"నేనే దీని బాపును మేడం," అన్నాడు ఎల్లన్న. "సెకండ్ షిఫ్టుకు యాళ్లయింది, గా బాయిలకే దిగాలె."